కారుకి కర్ర షెడ్డు: కట్టడం, కాపాడుకోవడం

కర్ర షెడ్డు పాడయ్యేది రెండే చోట్ల. ఒకటి, స్తంభం నేలని తాకే చోటు: అక్కడ చెమ్మ, చెద. రెండోది, రేకు వాసాన్ని పట్టుకునే చోటు: అక్కడ గాలి. ఈ రెండింటి మధ్య ఉన్న కర్ర మామూలుగా ముప్పయ్యేళ్లయినా అలాగే ఉంటుంది. కాబట్టి డబ్బు, శ్రద్ధ ఎక్కువ పెట్టాల్సింది కాలి దగ్గరా తల దగ్గరా. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. మంచి టేకు కొని, చిత్రిక పట్టించి, పాలిష్ వేయించి, చివరికి స్తంభాన్ని మూడడుగుల గోతిలో నిలబెట్టి చుట్టూ సిమెంటు పోస్తారు. కర్ర ఎండి కుంచించుకోగానే సిమెంటుకీ దానికీ మధ్య సందు పడుతుంది. ఆ సందులోకి దిగిన వాననీళ్లు బయటికి వచ్చే దారి ఉండదు. స్తంభం నేలమట్టం దగ్గరే చివికి పోతుంది, పైన నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఇక్కడ చెప్పే కొలతలు ఒక కారుకి, ఒంటివాలు రేకు కప్పుకి. ఇంటికి ఆనించకుండా విడిగా నిలబడే షెడ్డు ఇది.

స్థలం, కొలత

స్తంభాల మధ్య వెడల్పు 11 అడుగులు, పొడవు 18 అడుగులు (స్తంభం మధ్య నుంచి మధ్యకి). ఇన్నోవా క్రిస్టా పొడవు దాదాపు 15న్నర అడుగులు, వెడల్పు 6 అడుగులు. అదీ ఇందులో పడుతుంది. వరసకి మూడు చొప్పున ఆరు స్తంభాలు, 9 అడుగులకొకటి. గోతులు గుర్తు పెట్టకముందే కారుని ఆ చోట నిలబెట్టి నాలుగు తలుపులూ తెరిచి చూడండి. మధ్య స్తంభం ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్యలో పడాలి. కారుని అడుగు ముందుకో వెనక్కో జరిపితే సరిపోయే పని ఇది. షెడ్డు లేచాక మాత్రం రోజూ స్తంభానికి తలుపు తగిలించుకుంటూ బతకాల్సిందే.

వాలు ఎటు ఉండాలో ముందే తేల్చుకోండి. నీళ్లు ఇంటి గోడ వైపు కానీ, పక్కవాళ్ల స్థలంలోకి కానీ పడకూడదు. పైన కరెంటు తీగలు, కొబ్బరిచెట్టు లేని చోటు చూసుకోండి. ఎండు మట్ట ఒకటి పడినా రేకు సొట్టపోతుంది, కాయ పడితే చెప్పక్కర్లేదు. పట్టణంలో అయితే ఖాళీ వదలాల్సిన స్థలంలో షెడ్డు వేయొచ్చో లేదో మున్సిపాలిటీలో అడిగాకే గోతులు తవ్వండి.

ఏ కర్ర

టేకు అంటే చాలు అనుకోవద్దు. చెదని తట్టుకునేది టేకు చేవ, దాని చుట్టూ ఉండే తెల్లచెక్క కాదు. తోటల్లో తొందరగా కోసిన లేత టేకులో తెల్లచెక్కే ఎక్కువ. అడితిలో దూలం కోసిన చివర చూడండి: లోపల ముదురు గోధుమరంగు చేవ, బయట పాలిపోయిన పట్టీ స్పష్టంగా కనిపిస్తాయి. స్తంభాలకి నాలుగు మూలలూ చేవలోనే ఉండేలా కోయించుకోండి. దూలాలు, వాసాల మీద అక్కడక్కడా తెల్లచెక్క ఉన్నా మందు పూసి వాడొచ్చు.

ముదురు వేప, నల్లతుమ్మ చేవ కూడా గట్టివే. నల్లతుమ్మలో పొడవైన వంకరలేని ముక్క దొరకడమే కష్టం, పైగా దానిలోని వగరు వల్ల మామూలు ఇనుము తగిలిన చోటల్లా నల్లమచ్చ పడుతుంది. నీలగిరి ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, చీలుతుంది. సరుగుడు పందిళ్లకి బ్రహ్మాండం, శాశ్వతమైన స్తంభానికి పనికిరాదు. మట్టిలో పాతితే కొద్ది ఏళ్లలోనే పుచ్చిపోతుంది.

తాటి సంగతి వేరు. టేకుకి గట్టిదనం లోపల, తాటికి పైన. ముదిరిన తాటిచెట్టు అంచు నల్లని నారతో ఇనుములా ఉంటుంది, నడిమి భాగం మెత్తటి బెండు. అందుకని తాటి వాసం కొనేటప్పుడు మధ్య బెండు పూర్తిగా చెక్కేశారా లేదా చూడండి. నల్లనార దట్టంగా ఉన్న వైపుని కిందకి పెట్టండి. మేకు నేరుగా దిగదు, వంగిపోతుంది. బెజ్జం వేసే బిగించాలి.

సొంత పొలంలో చెట్టు ఉందని కొట్టేయకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, టేకు రవాణాకి అటవీశాఖ పర్మిటు కూడా ఉండాలి. అడితిలో కొన్నా బిల్లు దగ్గర ఉంచుకోండి.

కోయించాల్సిన సైజులు ఇవి:

- స్తంభాలు 5×5 అంగుళాలు: 9 అడుగులవి 3, 8 అడుగులవి 3 (9 ఘనపుటడుగులు)
- దూలాలు 6×3 అంగుళాలు: 10 అడుగులవి 4 (5 ఘనపుటడుగులు)
- వాసాలు 5×2½ అంగుళాలు: 13½ అడుగులవి 7 (8 ఘనపుటడుగులకి పైన)
- రీపర్లు (వాసాల మీద అడ్డంగా, రేకు కింద వచ్చేవి) 3×2 అంగుళాలు: 6 వరసలు, ఒక్కో వరస 19½ అడుగులు (5 ఘనపుటడుగులు)
- ఏటవాలు బద్దలు 3×3 అంగుళాలు: 3 అడుగులవి 14 (2½ ఘనపుటడుగులు)

మొత్తం 30 ఘనపుటడుగులు. కోతకి, పగుళ్లకి కలిపి 33 తీసుకోండి.

కోసిన కర్రని వెంటనే బిగించొద్దు. నీడలో, నేలకి అడుగు ఎత్తున, వరసకీ వరసకీ మధ్య అంగుళం బద్దలు పెట్టి పేర్చండి. చివర్లకి పాత పెయింటు పూస్తే పగుళ్లు తగ్గుతాయి. ఆరిందో లేదో చేత్తో తట్టి చెప్పడం కష్టం. ఒక వాసాన్ని గుర్తు పెట్టుకుని వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే. పచ్చి కర్రతో కడితే మొదటి ఎండాకాలంలోనే బోల్టులన్నీ వదులవుతాయి.

పునాది: మోయడానికి కాదు, పట్టి ఉంచడానికి

షెడ్డు బరువు కర్ర, రేకు అంతా కలిపి 700 కిలోలు. దాన్ని మోయడానికి పెద్ద పునాది అక్కర్లేదు. కానీ గోడలు లేని కప్పు కిందకి గాలి దూరితే గొడుగుని లేపినట్టు పైకి లేపుతుంది. కట్టడాల గాలి లెక్కకి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం హైదరాబాద్‌కి గాలివేగం సెకనుకి 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకి 50 మీటర్లు. 44 మీటర్ల గాలి చదరపు మీటరుకి సుమారు 118 కిలోల ఒత్తిడి తెస్తుంది. మన కప్పు 26 చదరపు మీటర్లు. అంటే గాలి మూడు టన్నుల బలంతో పైకి లాగొచ్చు. కోస్తాలో అయితే అది నాలుగు టన్నులకి దగ్గర. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు చూసినవాళ్లకి ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

ఈ లాగుడుని ఆపేది కాంక్రీటు బరువే. మూలల్లో నాలుగు గోతులు 1½×1½ అడుగులు, 3 అడుగుల లోతు. మధ్య స్తంభాలు రెండూ మూల స్తంభాల కంటే ఎక్కువ కప్పుని పట్టుకుంటాయి కాబట్టి వాటి గోతులు 2×2 అడుగులు, అదే లోతు. వీటన్నిటి కాంక్రీటు కలిపి దాదాపు మూడున్నర టన్నులు తూగుతుంది. తీర జిల్లాల్లో అన్నీ 4 అడుగుల లోతు తవ్వండి. నల్లరేగడి అయితే ఎక్కడున్నా ఇంకా దిగాలి. వేసవిలో పగుళ్లు ఎంత లోతు పడతాయో దానికి కిందకి వెళ్లకపోతే ఏటా వానకి దిమ్మె లేస్తుంది, ఎండకి దిగుతుంది.

ముగ్గు సరిగ్గా మూలమట్టానికి ఉందో లేదో తేల్చుకోవడానికి ఎదురెదురు మూలలు కొలవండి. 11కి 18 అయితే రెండు కర్ణాలూ 21 అడుగుల 1 అంగుళానికి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) అటుఇటుగా రావాలి. అవి రెండూ ఒకదానికొకటి సమానం కాకపోతే రేకులు వేసేటప్పుడు చివరి రేకు దగ్గర ఏటవాలు బయటపడుతుంది, అప్పుడు సరిచేయడానికేమీ ఉండదు.

కాంక్రీటు పోయకముందు గోతికి చెదమందు కొట్టండి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ 21 మిల్లీలీటర్లు 10 లీటర్ల నీళ్లలో కలిపి, ఒక్కో గోతి అడుగుకీ పక్కలకీ ఆ పది లీటర్లూ పట్టించాలి. చేతులకి గ్లౌజులు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. పక్కన బావి, బోరు ఉంటే మందు వద్దు.

కాంక్రీటు 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర). మూడడుగుల గోతులకి 10 బస్తాల సిమెంటు, 24 ఘనపుటడుగుల ఇసుక, 48 ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర పడతాయి. గోతిపైన 10×10 అంగుళాల దిమ్మెని నేలకి 6 అంగుళాల ఎత్తున తేల్చండి. దిమ్మె పైభాగం మధ్యలో కాస్త ఎత్తుగా, అంచులకి వాలుగా మెరుగు చేయించండి, నీళ్లు నిలవకుండా.

స్తంభం ఈ దిమ్మె మీద నేరుగా కూర్చోదు. వెల్డింగు షాపులో ఇనప షూలు ఆరు చేయించండి: 6 ఎంఎం మందం, 2 అంగుళాల వెడల్పు పట్టీని యు ఆకారంలో వంచి, లోపలి కొలత 5 అంగుళాలు, చెవులు 8 అంగుళాల ఎత్తు, కింద 16 ఎంఎం కడ్డీలు రెండు, ఒక్కోటి 2 అడుగులు, చివర కొక్కెంలా వంచి. వీలైతే వేడి జింకు పూత వేయించండి. షూ అడుగు దిమ్మెకి ఒక అంగుళం పైన ఉండేలా కాంక్రీటులో దింపాలి. ఆ అంగుళం ఖాళీలోంచి గాలి ఆడుతుంది, చెద ఎక్కితే దాని మట్టిదారి కంటికి కనిపిస్తుంది. మన పాత మండువా ఇళ్లలో స్తంభాన్ని రాతి దిమ్మె మీద నిలబెట్టింది కూడా చెమ్మకి అందకుండానే.

ఆరు షూలూ ఒకే మట్టంలో ఉండాలి. ట్యూబులో నీళ్లు పోసి మట్టం చూసుకుంటే సరిపోతుంది. వారం రోజులు తడిపి ఆ తర్వాతే స్తంభం ఎత్తండి.

కర్ర నిలబెట్టడం

నిలబెట్టకముందు ప్రతి ముక్కకీ మందు పూయాలి, కట్టాక అతుకుల లోపలికి కుంచె వెళ్లదు. 10 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 600 గ్రాముల బోరాక్సు, 400 గ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించి రెండు మూడు సార్లు పూయండి. ఇది కప్పు కింద తడవని కర్రకే. వానకి తడిస్తే కరిగిపోతుంది కాబట్టి పైన నూనె పూత ఉండాలి. స్తంభం అడుగు చివరని మందులో రాత్రంతా నానబెట్టండి. కర్ర నీళ్లు తాగేది ముఖ్యంగా చివర్ల నుంచే.

వాడేసిన ఇంజినాయిల్ పూసే అలవాటు ఒకటుంది. అది ఎండకి కారుతుంది, కారు మీదా బట్టల మీదా పడుతుంది, దాని మీద ఏ రంగూ నిలవదు. వద్దు.

9 అడుగుల స్తంభాలు ఎత్తు వైపు, 8 అడుగులవి దిగువ వైపు. 11 అడుగులకి ఒక అడుగు వాలు వస్తుంది. ఏకరేకుతో, మధ్యలో అతుకు లేకుండా వేస్తున్నాం కాబట్టి ఈ వాలు చాలు. వాలు మీద రెండు రేకులు అతకాల్సి వస్తే వాలు రెట్టింపు చేయాలి, లేకపోతే ఎదురుగాలికి నీళ్లు అతుకులోకి ఎగదన్నుతాయి.

స్తంభం తలలో 6 అంగుళాల లోతు, 3 అంగుళాల వెడల్పు గాడి కోయండి. లోపలివైపు 2 అంగుళాల చెవి మిగులుతుంది. దూలం గాడిలో కూర్చుంటుంది, చెవిలోంచి 12 ఎంఎం బోల్టులు రెండు. బరువు గాడి భుజం మోస్తుంది, లాగుడు బోల్టు పడుతుంది. మధ్య స్తంభం మీద రెండు దూలాలు కలుస్తాయి. అక్కడ ఒక్కోదానికి ఆనుకోడానికి రెండున్నర అంగుళాలే దొరుకుతుంది, చివరకి అంత దగ్గరగా బోల్టు వేస్తే దూలం చీలుతుంది. అందుకని బయటవైపు 2 అడుగుల పొడవు, 3 అంగుళాల వెడల్పు, 5 ఎంఎం ఇనప పట్టీ వేసి, స్తంభానికి ఇటూ అటూ దూలానికి రెండేసి బోల్టులు బిగించండి. ఆ పట్టీకి మధ్యలో కిందకి ఇంకో పట్టీ వెల్డింగు చేయించి టి ఆకారంలో స్తంభానికి రెండు బోల్టులతో కట్టాలి. ప్రతి బోల్టుకీ రెండువైపులా 2 అంగుళాల పలక వాషరు ఉండాలి. చిన్న వాషరు కర్రలోకి కూరుకుపోతుంది.

ఇప్పుడు ఏటవాలు బద్దలు. షూలో రెండు బోల్టులతో ఉన్న స్తంభం తలుపు బందు మీద ఉన్నట్టే, ఎటు నెడితే అటు ఒరుగుతుంది. షెడ్డు ఊగకుండా ఆపేది బద్దలొక్కటే. స్తంభం తల నుంచి 2 అడుగుల కిందా, దూలం మీద 2 అడుగుల దూరంలో, 45 డిగ్రీలకి కోసి బిగించండి. మూల స్తంభాలకి దూలం వైపు ఒకటి, మధ్య స్తంభాలకి రెండు, ఇవి ఎనిమిది. స్తంభాల మీదుగా వెళ్లే వాసాలకి ఆరు. చివర్లలో ఒక్కో 10 ఎంఎం బోల్టు పెట్టండి, మేకులు కాదు. బద్దలు పెట్టేదాకా స్తంభాలని తాత్కాలికంగా సరుగుడు కర్రలతో నాలుగువైపులా ఆనించి, తూకంగుండుతో నిలువు చూసుకోవాలి.

వాసాలు 3 అడుగులకొకటి, మొదటిది, నాలుగోది, ఏడోది స్తంభాల మీద. దూలం మీద కూర్చునే చోట అర అంగుళం గాడి చాలు. లోతుగా కోస్తే వాసం అక్కడే విరుగుతుంది. పైవైపు అడుగు, దిగువ వైపు అడుగున్నరకి కాస్త తక్కువ బయటికి వస్తుంది. వాసాన్ని దూలానికి మేకుతో దిగ్గొట్టి వదిలేయడమే రేకు షెడ్లు ఎగిరిపోవడానికి పెద్ద కారణం. పైనుంచి దిగిన మేకు పైకి లాగితే వచ్చేస్తుంది. 3 ఎంఎం మందం, అంగుళంపావు పట్టీని వాసం మీదుగా దూలం రెండు పక్కలకీ వంచి, ప్రతి వైపూ 8 ఎంఎం స్క్రూబోల్టులు రెండు వేయండి. ఏడు వాసాలు, రెండు దూలాలు: పద్నాలుగు పట్టీలు.

రీపర్లు 32 అంగుళాలకొకటి. వాసానికి అడ్డంగా పెట్టి, బెజ్జం వేసి 5 అంగుళాల స్క్రూలు బిగించండి. వరసలో అతుకు వస్తే వాసం మీదే రావాలి, పక్కపక్క వరసల అతుకులు ఒకే వాసం మీద రాకూడదు.

రేకు

0.5 ఎంఎం కలర్ కోటెడ్ రేకు, 14 అడుగుల పొడవు, ఆరు రేకులు. ఒక్కోటి మీటరు వెడల్పు కప్పుతుంది. పలచటి 0.35 రేకు చౌకే, కానీ స్క్రూ వాషరు చుట్టూ చిరిగి రేకు ఎగురుతుంది, స్క్రూ మాత్రం అక్కడే ఉంటుంది.

గాలి ఎక్కువగా వచ్చే దిక్కుకి ఎదురు చివర నుంచి పరచడం మొదలుపెట్టండి. పడమటిగాలి అయితే తూర్పు అంచు నుంచి. అప్పుడు అతుకు నోరు గాలికి ఎదురుగా ఉండదు. షాపువాళ్లు ఇనప ఫ్రేముకి వాడే డ్రిల్లు ములుకు స్క్రూ ఇస్తారు. అది కర్రలో తన బెజ్జాన్ని తానే పెద్దది చేసుకుంటుంది. కర్రకి సరిపడే మర (చుట్లు) ఉన్న రెండున్నర అంగుళాల రూఫింగ్ స్క్రూ అడగండి, రబ్బరు వాషరుతో. రేకు గట్టు మీద బిగించాలి, కాలువలో కాదు. పై అంచు, కింది అంచు రీపర్లకి ప్రతి గట్టుకీ ఒకటి, మధ్య వాటికి గట్టు వదిలి గట్టు. 160 స్క్రూలు కొంటే మిగలడమే కానీ తగ్గవు. వాషరు కొంచెం ఉబ్బగానే ఆపండి. నలిగి బయటికి వచ్చిందంటే రెండో వేసవికి పగిలి కారుతుంది.

కోతలో రాలిన ఇనప రజనుని అదేరోజు ఊడ్చేయాలి, లేకపోతే తొలి వానకే రేకుమీద తుప్పు చుక్కలు.

దిగువ అంచుకి 6 అంగుళాల పీవీసీ పైపుని నిలువుగా చీల్చి కాలువగా కట్టండి, 10 అడుగులకి అంగుళం వాలు. పది మిల్లీమీటర్ల వానకి ఈ కప్పు నుంచి 260 లీటర్ల నీళ్లు వస్తాయి. అవి స్తంభాల కాళ్ల దగ్గర పడితే పైన చేసిందంతా వృథా. ఇంకుడుగుంతకో చెట్లకో మళ్లించండి.

ఏడాదికి రెండు సార్లు

కర్రకి రంగు కంటే నూనె మేలు. రంగు పొరలా కూర్చుని ఎండకి పగులుతుంది, పగులులోంచి దిగిన నీళ్లు లోపలే ఉంటాయి. ఉడికించిన అవిసెనూనె రెండు పాళ్లు, టర్పెంటైన్ ఒక పాలు కలిపి పూసి, పావుగంట తర్వాత మిగిలింది గుడ్డతో తుడిచేయండి. మొదటి ఏడు రెండు పూతలు, తర్వాత ఏటా ఒకటి, ఏప్రిల్‌లో. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విడివిడిగా ఆరేసి పారేయాలి.

మే నెలలో, వానలకి ముందు, స్పానరు పట్టుకుని అన్ని బోల్టులూ తిప్పి చూడండి. మొదటి వేసవి తర్వాత దాదాపు ప్రతి బోల్టూ సగం చుట్టు తీసుకుంటుంది. కర్ర ఎండి సన్నబడింది, అంతే. మూడో ఏటికి ఇది ఆగిపోతుంది. కాలువలో ఆకులు తీయండి, రబ్బరు వాషర్లు పగిలిన స్క్రూలు మార్చండి.

దీపావళి తర్వాత, నేల ఆరాక, స్తంభాల కాళ్లు చూడాలి. స్క్రూడ్రైవరు మొనతో షూ పైన నాలుగువైపులా గట్టిగా పొడవండి. మంచి కర్ర టంగుమంటుంది, మొన దిగదు. పావు అంగుళం సునాయాసంగా దిగితే చివుకు మొదలైనట్టు. దిమ్మె మీద పెన్సిలంత మట్టిగొట్టం కనిపిస్తే దాన్ని ఊరికే తుడిచేయకండి. మధ్యలో అంగుళం తెంపి రెండు రోజులాగి చూడండి. మళ్లీ కట్టుకుందంటే చెద బతికే ఉంది, దిమ్మె చుట్టూ మట్టిలో మందు పోయాలి. వాసం కింద నేలమీద గోధుమపిండి లాంటి పొడి కనిపిస్తే అది పుచ్చుపురుగు; పైన గుండుసూది తలంత బెజ్జాలుంటాయి, సిరంజితో మందు ఎక్కించి మైనంతో మూయండి.

షూ దగ్గర మట్టి, ఆకులు, పాత టైర్లు చేరనివ్వొద్దు. స్తంభం మీదకి మల్లెతీగ పాకించడం చూడ్డానికి బాగుంటుంది కానీ తీగ కింద కర్ర ఎప్పుడూ ఆరదు.

ఒక స్తంభం కాలు పోయిందనుకోండి, మొత్తం మార్చక్కర్లేదు. పక్కనే దూలం కింద లారీ జాకీ, దానిమీద దృఢమైన కర్ర నిలబెట్టి, కింద వెడల్పు పలక వేసి, షూలో స్తంభం కదిలేంతవరకే, పావు అంగుళం, ఎత్తండి. ఎక్కువ ఎత్తితే పక్క స్తంభాల అతుకులు చీలుతాయి. షూ బోల్టులు తీసి, చివుకు కనిపించిన చోటికి ఆరు అంగుళాల పైన అడ్డంగా కోయండి. కోసిన ముఖం అంతా ఒకే రంగులో, పొడిగా ఉండాలి. మధ్యలో ముదురు మచ్చ ఉంటే ఇంకో రెండంగుళాలు. కోసిన పొడవుకి సరిపడా, కింద షూలో దిగే పలక, పైన స్తంభాన్ని పట్టే చెవులు ఉన్న ఇనప పెట్టె వెల్డింగు చేయించి మధ్యలో పెట్టి, పైనా కిందా రెండేసి బోల్టులు వేయండి. కొత్తగా కోసిన చివరకి మందు, నూనె రెండూ పట్టించాకే జాకీ దించండి.